వివా పిన్యాటా: కాగితపు జంతువుల రెండో తోట

‘వివా పిన్యాటా: ట్రబుల్ ఇన్ పారడైజ్’ తోట వేసి, అందులోకి రకరకాల జంతువులను రప్పించి, వాటిని సాకే వీడియో గేమ్. ఇంగ్లండ్‌లోని రేర్ సంస్థ దీన్ని తయారు చేసింది. మైక్రోసాఫ్ట్ 2008 సెప్టెంబరు 2న అమెరికాలో, అదే వారంలో ఐరోపాలో ఎక్స్‌బాక్స్ 360 యంత్రం మీద విడుదల చేసింది. 2006లో వచ్చిన ‘వివా పిన్యాటా’కు ఇది కొనసాగింపు. మొదటి ఆటలోని తోట, పనిముట్లు, మనుషులు, జంతువులు చాలామటుకు ఇందులోనూ కనిపిస్తాయి. అందుకే సమీక్షకుల్లో కొందరు దీన్ని పాత ఆటకే మెరుగులు దిద్దిన ప్రతిగా లెక్కగట్టారు. ఆ లెక్క సరైనది కాదు. ఒక్కరు కూర్చుని చేసుకునే తోటపనిని నలుగురూ కలిసి చేసే పనిగా మార్చడం ఈ రెండో ఆట సాధించిన అసలు విషయం.

రేర్ సంస్థ మూలాలు 1980ల తొలినాళ్ల బ్రిటిష్ ఇంటి కంప్యూటర్ల కాలంలో ఉన్నాయి. టిమ్ స్టాంపర్, క్రిస్ స్టాంపర్ అనే అన్నదమ్ములు ‘అల్టిమేట్ ప్లే ద గేమ్’ పేరుతో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్‌కు ఆటలు రాసేవారు. 1983లో వచ్చిన ‘జెట్‌పాక్’, 1984లో వచ్చిన ‘నైట్ లోర్’ వారికి పేరు తెచ్చాయి. 1985లో వారే రేర్‌ను స్థాపించారు. లెస్టర్‌షైర్‌లోని ట్వైక్రాస్ అనే పల్లె దాని చిరునామా అయింది. జపాన్‌కు చెందిన నింటెండోతో కలిసి పనిచేసిన రోజుల్లో ‘డాంకీ కాంగ్ కంట్రీ’ (1994), ‘గోల్డెన్‌ఐ 007’ (1997), ‘బాంజో-కజూయీ’ (1998) వంటి ఆటలతో ఈ సంస్థ ప్రపంచమంతా తెలిసింది. 2002 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ 37.5 కోట్ల డాలర్లు పెట్టి రేర్‌ను కొనేసింది. తుపాకులు పేల్చే ఆటలకే ఎక్కువగా పేరుపడిన ఎక్స్‌బాక్స్‌కు పిల్లలను, కుటుంబాలను దగ్గర చేసే ఆటలు కావాలి. అలాంటివి చేయడంలో రేర్ చెయ్యి తిరిగినది.

పెంపకం మీద నడిచే ఆటలు అప్పటికే ఒక పాయగా స్థిరపడ్డాయి. 1985లో యాక్టివిజన్ విడుదల చేసిన ‘లిటిల్ కంప్యూటర్ పీపుల్’లో తెర మీది ఇంట్లో ఒక చిన్న మనిషి తన పని తాను చేసుకుంటూ ఉంటాడు, ఆడేవారు అతనికి తిండి, కబుర్లు అందిస్తారు. 1989లో విల్ రైట్ తయారు చేసిన ‘సిమ్‌సిటీ’లో గెలుపు, ఓటమి అంటూ గీత గీసినట్టు ఉండవు, ఊరిని పెంచుకుంటూ పోవడమే ఆట. 1996 ఈ పాయకు పంట పండిన సంవత్సరం. జపాన్‌లో ఆ ఏడే వ్యవసాయాన్ని ఆటగా మలచిన ‘హార్వెస్ట్ మూన్’, జంతువులను పట్టి పెంచే ‘పోకెమాన్’, అరచేతిలో పట్టే బొమ్మలో పెంపుడు జీవిని ఉంచిన ‘తమగోచి’ మూడూ వచ్చాయి. ఇంగ్లండ్‌లో స్టీవ్ గ్రాండ్ ‘క్రియేచర్స్’ తయారు చేశాడు. అందులోని నార్న్‌లు అనే జీవులకు జన్యువులు, నేర్చుకునే మెదడు ఉండేలా ప్రోగ్రామ్ రాశాడు. తరవాత 2001లో ‘యానిమల్ క్రాసింగ్’, ‘పిక్మిన్’ వచ్చాయి. ‘పిక్మిన్’కు ప్రేరణ తన ఇంటి తోటపనే అని దాని రూపకర్త షిగెరు మియామోతో చెప్పుకున్నాడు. తోట, పొలం, పెంపుడు జీవి అనే మూడు వేరువేరు దారులు ‘వివా పిన్యాటా’లో వచ్చి కలిశాయి.

ఆ తోటకు విత్తనం పడింది 2002లో. టిమ్ స్టాంపర్‌కు చిన్న తోటపని ఆట ఒకటి చేయాలనే ఆలోచన వచ్చింది. దాన్ని మొదట పాకెట్ పీసీ అనే చేతిలో ఇమిడే కంప్యూటర్ కోసం కొద్దిమందితో మొదలుపెట్టారు. పని సాగేకొద్దీ దాన్ని ఎక్స్‌బాక్స్‌కు, అక్కణ్నుంచి 2005 నవంబరులో బజారులోకి వచ్చిన ఎక్స్‌బాక్స్ 360కి మార్చారు. రూపకల్పన బాధ్యత గ్రెగ్ మేల్స్‌ది. తోటలోకి వచ్చే జంతువులు మామూలు జంతువుల్లా ఉంటే కొత్తదనం లేదు. చిత్రకారుడు రయన్ స్టీవెన్సన్ వాటిని రంగురంగుల కాగితపు కుచ్చులు అతికించిన పిన్యాటాలుగా గీసి చూపించాడు. ఆ బొమ్మలతో ఆట రూపమే కాదు, నడక కూడా మారిపోయింది. పిన్యాటా అన్నాక దాని కడుపులో మిఠాయి ఉండాలి. మిఠాయి ఉన్నాక ఎవరో ఒకరు దాన్ని పగలగొట్టాలి. జంతువు ఎందుకు పుడుతుంది, ఎందుకు పోతుంది, పోయినా చూసేవారికి ఎందుకు బాధ అనిపించదు అన్న ప్రశ్నలన్నిటికీ ఆ కాగితపు ఒళ్లే జవాబు చెప్పింది.

పిన్యాటా మెక్సికో పండుగల వస్తువు. కృష్ణాష్టమి నాడు తెలుగు ఊళ్లలో ఉట్టి కొట్టే వేడుక చూసినవారికి దాని తీరు చప్పున అర్థమవుతుంది. మిఠాయిలు, పళ్లు నింపిన కుండనో బొమ్మనో తాడు కట్టి వేలాడదీస్తారు. కళ్లకు గంతలు కట్టుకున్నవారు కర్రతో కొడతారు. పైన తాడు పట్టుకున్నవారు దాన్ని అందీ అందకుండా ఎత్తి దించుతారు. పగలగానే పిల్లలంతా మీద పడి ఏరుకుంటారు. మెక్సికో నగరానికి ఉత్తరాన ఉన్న అకోల్మాన్ ఊళ్లో, 16వ శతాబ్దం చివర, అగస్టీనియన్ క్రైస్తవ సన్యాసులు క్రిస్మస్‌కు ముందు జరిపే ప్రార్థనలతో ఈ వేడుకను కలిపారని మెక్సికోలో చెబుతారు. నేటికీ డిసెంబరు 16 నుంచి 24 వరకు జరిగే పొసాదా రాత్రుల్లో పిన్యాటా ఉండి తీరాలి. ఏడు కొమ్ముల నక్షత్రం దాని పాత రూపం. ఆ ఏడు కొమ్ములు ఏడు మహాపాపాలని, కళ్లగంత విశ్వాసమని, రాలే పళ్లు దైవకృప అని మతబోధకులు అర్థం చెప్పారు. లోపల వేరుసెనగ, చెరకు ముక్కలు, నారింజలు వేసేవారు. కాలక్రమంలో మట్టి కుండ స్థానంలో అట్ట, గుజ్జు కాగితం వచ్చాయి. నక్షత్రాల పక్కన గాడిదలు, గుర్రాలు, కార్టూన్ బొమ్మలు చేరాయి. పుట్టినరోజు పండుగలతో పాటు అమెరికాకు చేరిన పిన్యాటా ఈ బొమ్మల పిన్యాటాయే. రేర్ చిత్రకారులు దిద్దుకున్నదీ ఆ రూపాన్నే. వాటి ఒంటిమీద ప్రతి కాగితపు కుచ్చూ విడివిడిగా కనబడేలా గీయడం అప్పటికి కొత్తగా వచ్చిన యంత్రం సత్తాను చూపించే పని కూడా అయింది.

ఆట మొదలయ్యేసరికి తోట పాడుపడి ఉంటుంది. నేల గట్టిపడి పగుళ్లు తీసి ఉంటుంది. ఎక్కడ చూసినా విరిగిన సామాను, చెత్త. చేతికి వచ్చే మొదటి పనిముట్టు వంగిన పాత పార. దానితో చెత్తను కొట్టి తీసేసి, గట్టి నేలను గుల్ల చేయాలి. కొంచెం మెత్తటి మట్టి బయటపడగానే గట్టు అవతల ఒక వానపాము కనిపిస్తుంది, రంగు లేకుండా, నలుపు తెలుపుల్లో. దాని పేరు వర్లమ్. తోట దానికి నచ్చితే లోపలికి వచ్చి తిరిగి చూస్తుంది. ఇంకా నచ్చితే అక్కడే ఉండిపోతుంది. ఆ క్షణాన దాని ఒంటికి రంగులు వస్తాయి. ప్రతి జంతువుకూ ఇవే మెట్లు: కనబడడం, చూడడానికి రావడం, కాపురం ఉండడం, జతకట్టడం. ఒక్కో మెట్టుకు ఒక్కో షరతు. ఒకదానికి చెరువు కావాలి, ఇంకొకదానికి ఫలానా పువ్వు తినాలి, మరొకదానికి తోటలో ఇంత మేర గడ్డి ఉండాలి. అలా షరతులు తీరుస్తూ పోతే పాడుబడ్డ నేల తనంతట తాను ఒక ఊరవుతుంది.

జతకట్టడానికి కూడా ఒక వరస ఉంది. ఒకే జాతివి రెండు తోటలో ఉండాలి, వాటికి ఇల్లు కట్టించాలి, అవి కోరిన తిండి పెట్టాలి. ఇల్లు కట్టేది విల్లీ బిల్డర్. అప్పుడు ఒకదాన్ని చిక్కుదారిలో నడిపించి రెండోదాని దగ్గరికి చేర్చే చిన్న ఆట వస్తుంది. అది గెలిస్తే రెండూ కలిసి చిందులేస్తాయి. ఒక్కో జాతి నాట్యం, దాని వెనక వాయిద్యం ఒక్కో తీరు. కాసేపటికి స్టోర్కోస్ అనే కొంగమనిషి ఆకాశం నుంచి గుడ్డు తెచ్చి దింపుతుంది. ఈ ఆటకు సంగీతం కూర్చిన గ్రాంట్ కర్క్‌హోప్ మొదటి ఆట పాటలను ప్రాగ్ నగరంలోని వాద్యబృందంతో వాయింపజేశాడు. పగటిపూట తోటలో వినబడే ఆ నెమ్మదైన తీగవాయిద్యాల బాణీలకు బాఫ్టా పురస్కారాల్లో నామినేషన్ దక్కింది.

ఈ తోట లోతు తెలిసేది ఆహారపు గొలుసు దగ్గర. వానపాములు రెండు మూడు చేరాక వాటిని వెతుక్కుంటూ స్పారోమింట్ అనే పిచ్చుక వస్తుంది. అది కాపురం ఉండాలంటే ఒక వర్లమ్‌ను తినాలి. పేరు పెట్టి, ఇల్లు కట్టి, పెంచుకున్న వానపామును పిచ్చుకకు వేయాలా వద్దా అన్నది ఆడేవారి చేతిలోనే ఉంటుంది. ఎలుక జాతి మౌస్‌మాలోను తినే నక్క ప్రెట్జ్‌టెయిల్ వచ్చేసరికి ఆ ప్రశ్న ఇంకొంచెం బరువెక్కుతుంది. పిల్లల కోసమని తయారైన ఆటల్లో చావును ఇంత నేరుగా, ఇంత భయం లేకుండా చూపించినవి తక్కువ. జంతువు పగిలి మిఠాయిలు చెల్లాచెదురవుతాయి; మిగతావి వచ్చి ఏరుకు తింటాయి; తోట సాగిపోతుంది. ఒక జీవి మరొక జీవికి ఆధారం అన్న సంగతిని బోధించకుండానే చేతికి తెలిసేలా చేసిన పద్ధతి ఇది. ప్రశంసలకు అన్నివిధాలా అర్హమైనది కూడా.

దీనికి తోడు డబ్బు లెక్క ఉంది. పంట, పువ్వు, తేనె, పాలు, గుడ్లు, చివరికి జంతువులు కూడా అమ్ముకోవచ్చు. కోస్టోలాట్ అంగడిలో విత్తనాలు, ఎరువులు, కంచెలు దొరుకుతాయి. మొక్క ఎదిగే ప్రతి దశలోనూ దానికి సరిపడే రంగు ఎరువు వేస్తే అది పూర్తి ఎత్తుకు పెరిగి ఎక్కువ కాపు ఇస్తుంది; నీళ్లు మరీ ఎక్కువ పోస్తే చచ్చిపోతుంది. కొన్ని రహస్యాలు ఆడేవారే తవ్వి తీసుకోవాలి. సిరపెంట్ అనే పాము గుడ్డును పారతో కొడితే అందులోంచి రెండు తలల ట్విన్జర్‌స్నాప్ పుడుతుంది. ట్విన్జర్‌స్నాప్ గుడ్డును కొడితే నాలుగు తలల ఫోర్‌హెడ్స్ వస్తుంది. టాఫ్లై అనే ఈగకు నిప్పంటించి వెంటనే నీళ్లు చల్లితే అది రెడ్‌హాట్‌గా మారుతుంది. పంది జాతి రాష్‌బెర్రీ, హంస జాతి స్వనానా జతకడితే రెక్కల పంది పుడుతుంది. ఇవి ఎవరో ఒకరు అనుకోకుండా కనిపెట్టి, స్నేహితులకు చెప్పి, అలా నోటి మాటగా పాకిన సంగతులు. తోటలో ప్రయోగం చేయడానికి భయపడకూడదన్న ధైర్యం వీటివల్లే వస్తుంది.

తోటకు శత్రువులూ ఉన్నారు. ఎరుపు, నలుపు చారల పుల్ల పిన్యాటాలు చొరబడి విత్తనాలు తింటాయి, విషపు మిఠాయిలు రాలుస్తాయి. జబ్బు పడిన జంతువును డాక్టర్‌కు చూపించడంలో ఆలస్యమైతే ముసుగు వేసుకున్న డస్టార్డోస్ గాలిలో తేలుతూ వచ్చి కర్రతో పగలగొట్టిపోతాడు. వీరందరి వెనక ప్రొఫెసర్ పెస్టర్ ఉంటాడు. డస్టార్డోస్ నిజానికి కథలో వచ్చే ఒక తోటమాలి కుటుంబం నుంచి తప్పిపోయిన కొడుకేనని కథ సాగేకొద్దీ తెలుస్తుంది. దుష్టుడికి కూడా ఇల్లూ వాకిలీ ఇచ్చిన ఆ కథాంశం ఆటకు నిండుదనం తెచ్చింది.

మొదటి ఆట 2006 నవంబరు 9న అమెరికాలో విడుదలైంది. సమీక్షలు బాగా వచ్చాయి, అమ్మకాలు మాత్రం ఆశించినంత సాగలేదు. అందుకు కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. రెండు రోజుల ముందే అదే యంత్రం మీద ‘గేర్స్ ఆఫ్ వార్’ అనే యుద్ధపు ఆట వచ్చి ప్రచారమంతా తనవైపు లాక్కుంది. అదే నెలలో సోనీ ప్లేస్టేషన్ 3, నింటెండో వీ అంగళ్లలోకి వచ్చాయి. కుటుంబమంతా ఆడుకునే యంత్రం కావాలనుకున్నవారి చూపు వీ మీద పడింది. ఎక్స్‌బాక్స్ 360 కొన్నవారిలో ఎక్కువమంది అప్పటికి కుర్రాళ్లు. రంగు కాగితాల జంతువులను చూసి ఇది చిన్నపిల్లల ఆట అనుకున్నారు. చిన్నపిల్లలకేమో దీని షరతులు, లెక్కలు కాస్త గట్టివి. ఎవరికోసం తయారైందో వారి ఇంట్లో యంత్రం లేకపోవడం ఈ ఆట మోసిన పెద్ద బరువు.

మైక్రోసాఫ్ట్ తన వంతు ప్రయత్నం చేయకపోలేదు. 4కిడ్స్ ఎంటర్‌టైన్‌మెంట్‌తో కలిసి టీవీ కార్టూన్ వరసను 2006 ఆగస్టులోనే, అంటే ఆట రాకముందే, అమెరికా టీవీలో మొదలుపెట్టించింది. కెనడాకు చెందిన బార్డెల్ సంస్థ దానికి త్రీడీ యానిమేషన్ చేసింది. హడ్సన్ అనే గుర్రం, ఫ్రాంక్లిన్ అనే ఎలుగుబంటి, ఫెర్జీ అనే ముళ్లపంది, పాలీ అనే నక్క అందులో ముఖ్యపాత్రలు. ఈ నలుగురినీ పెట్టుకుని ఆస్ట్రేలియాకు చెందిన క్రోమ్ స్టూడియోస్ 2007లో ‘పార్టీ యానిమల్స్’ అనే పరుగుపందేల ఆట తయారు చేసింది. దానికి తోట అంటూ లేదు. మొదటి ఆటలోని లోతూ లేదు. అదే ఏడు చివర క్లైమాక్స్ సంస్థ మొదటి ఆటను విండోస్ కంప్యూటర్లకు మార్చింది.

ఈలోగా రేర్‌లో పెద్ద మార్పు జరిగింది. 2007 జనవరిలో స్టాంపర్ సోదరులు ఇద్దరూ తాము స్థాపించిన సంస్థను వదిలి వెళ్లారు. మార్క్ బెటెరిడ్జ్ సంస్థ బాధ్యత తీసుకున్నాడు. గ్రెగ్ మేల్స్ సృజన విభాగాన్ని చూసుకున్నాడు. తోట ఆలోచన పుట్టించిన మనిషి వెళ్లిపోయాక కూడా ఆ తోటను పెంచడానికి రేర్ పూనుకోవడం గమనించదగ్గ సంగతి. కొత్త ఆటను 2008 మేలో ప్రకటించి, నాలుగు నెలల్లోనే అంగళ్లకు పంపారు.

రెండో ఆట కథ చిన్నది, పని మాత్రం చాలా ఇస్తుంది. పిన్యాటాలను పార్టీలకు పంపే కేంద్ర కార్యాలయానికి పిన్యాటా సెంట్రల్ అని పేరు. పెస్టర్ అక్కడి కంప్యూటర్ రికార్డులన్నీ చెరిపేస్తాడు. వాటిని మళ్లీ కూర్చాలంటే తోటలో జంతువులను పెంచి, మిఠాయి నింపి, ఒక్కొక్కటిగా పార్టీలకు పంపాలి. లాంగ్‌స్టన్ అనే కప్ప ఎప్పటికప్పుడు ఫలానా జంతువు కావాలని కోరుతూ ఉంటాడు. మొదటి ఆటలో స్థాయి పెరిగేకొద్దీ తలుపులు తెరుచుకునేవి తప్ప, తరవాత ఏం చేయాలన్నది ఆడేవారి తోచుబాటుకే వదిలేశారు. లాంగ్‌స్టన్ కోరికలు ఆ ఖాళీని నింపాయి. పెట్టెలో పెట్టి పంపిన జంతువు పార్టీలో పగిలి, మళ్లీ ఇంటికి తిరిగివస్తుంది. పిన్యాటాకు పగలడమే పండుగ అన్న మెక్సికో వేడుకలోని అర్థానికి మొదటి ఆట కంటే ఈ రెండోది దగ్గరగా వచ్చింది.

తోట గట్టు దాటి బయటికి వెళ్లగలగడం మరో కొత్తదనం. ఎడారి ఒకటి, మంచుప్రాంతం ఒకటి చేర్చారు. అక్కడికి వెళ్లి, ఎర వేసి, బోను పెట్టి జంతువును పట్టుకోవాలి. పట్టినంత మాత్రాన అది కాపురం ఉండదు. ఒంటె జాతి కామెల్లోకు ఇసుక కావాలి, పెంగ్విన్ జాతి పెంగమ్‌కు మంచు కావాలి. కాబట్టి తోటలో కొంత మేర ఇసుక, కొంత మేర మంచు పరచాలి. పచ్చగడ్డికీ చెరువుకూ నడుమ ఇసుకమడి, దాని పక్కనే మంచుమడి అమర్చడం ఆడేవారికి కొత్త పరీక్ష అయింది. ఒక తోటలోనే మూడు నేలల పొందిక సాధించాలి. ధ్రువపు ఎలుగుబంటి పొలాలీబేర్, పులి జాతి టైగర్‌మిసు, రాక్షసబల్లి చోక్లోడోకస్ వంటి కొత్త జాతులు ముప్ఫైకి పైగా చేరాయి. మొదటి ఆటలోని అరవై పైచిలుకు జాతులు ఎలాగూ ఉన్నాయి. చాలా పేర్లలో ఒక జంతువు, ఒక తినుబండారం దాగి ఉంటాయి. పిన్యాటాలకు చిన్నచిన్న విద్యలు నేర్పవచ్చు. అందాల పోటీలకు, పరుగుపందేలకు పంపవచ్చు.

కంటికి వెంటనే కనబడని మరమ్మతులు అంతకంటే విలువైనవి. మొదటి ఆటలో అంగడికి వెళ్లిరావడం, పనిముట్టు మార్చుకోవడం తరచు విసుగు పుట్టించేవి. ఒక విత్తనం కోసం మెనూలన్నీ తిరగాలి. రెండో ఆటలో ఆ దారులు కురచయ్యాయి. చిన్నపిల్లల కోసం ‘జస్ట్ ఫర్ ఫన్’ అనే వేరే తోట పెట్టారు. అందులో డబ్బుకు లోటు లేదు, దొంగలూ దుష్టులూ రారు, ఏం నాటినా ఎవరూ చెడగొట్టరు. మొదటి ఆట పిల్లలకు గట్టిదనే ఫిర్యాదుకు ఇది సూటి సమాధానం. అసలు ఆట కష్టాన్ని తగ్గించకుండా దాని పక్కనే ఇంకో వాకిలి తెరవడం మంచి నిర్ణయం.

కలిసి ఆడడం దగ్గర ఈ ఆట నిజంగా ముందడుగు వేసింది. ఒకే తెర ముందు ఇద్దరు కూర్చుని ఒకే తోటలో పనిచేయవచ్చు. ఇంటర్నెట్ ద్వారా అయితే నలుగురి దాకా చేరవచ్చు. ఒకరు దున్నుతుంటే ఇంకొకరు నీళ్లు పోయవచ్చు. ఒకరు జంతువుల జత కుదురుస్తుంటే మరొకరు పుల్ల పిన్యాటాలను తరిమికొట్టవచ్చు. తోట యజమాని వచ్చినవారికి ఎంతవరకు చొరవ ఇవ్వాలో ముందే నిర్ణయించుకోవచ్చు. పెంచుకున్న జంతువును పరాయివారు పగలగొట్టే భయం అలా తప్పింది. పెద్దలు, పిల్లలు కలిసి కూర్చున్నప్పుడు లెక్కలు పెద్దలు చూసుకోవడం, పేర్లు పెట్టడం, రంగులు ఎంచడం పిల్లలు చూసుకోవడం సహజంగా కుదిరేది. ఆ వీలు మొదటి ఆటలో ఇంత విశాలంగా లేదు. ఎవరికోసం తయారైందో వారికి అందని ఆట ఈ మార్గాన వారి చేతికి చేరింది.

పిన్యాటా విజన్ కార్డులు ఆ పంపకాన్ని తెర బయటికి తెచ్చాయి. కార్డు మీద ఒక పిన్యాటా బొమ్మ, దాని అంచున సంకేతాలుగా పనిచేసే గుర్తులు అచ్చయి ఉంటాయి. ఎక్స్‌బాక్స్‌కు తగిలించే లైవ్ విజన్ కెమెరా ముందు ఆ కార్డును పట్టుకుంటే ఆట ఆ గుర్తులను చదివి, ఆ పిన్యాటాను తోటలోకి దింపుతుంది. కొన్ని కార్డులు వస్తువులు ఇస్తాయి. ఇంకొన్ని తోటలో వాతావరణాన్ని, పగలు రాత్రిని మారుస్తాయి. అంతకంటే ముచ్చటైన వీలు ఒకటుంది. ఆడేవారు తాము పెంచిన జంతువుకు ఫొటో తీస్తే ఆట దాన్ని కార్డుగా మలిచి ఇస్తుంది. ఆ బొమ్మను కాగితం మీద అచ్చువేసి స్నేహితుడి చేతిలో పెడితే, అదే జంతువు, పెట్టిన పేరుతో, పెంచిన రంగుతో అతని తోటలో దిగుతుంది. కాగితపు జంతువు నిజంగానే కాగితం మీదికి ఎక్కి ఇంటింటికీ తిరగగలిగింది. చదరపు సంకేతాలను ఫోన్‌తో చదవడం చాలా దేశాల్లో ఇంకా అలవాటు కాని రోజుల్లో రేర్ ఈ పని చేసిందన్నది గుర్తుంచుకోవాలి. కెమెరా అందరి ఇళ్లలో లేకపోవడం వల్ల ఈ వీలు చేరవలసినంత మందికి చేరలేదు.

అదే 2008 సెప్టెంబరులో ‘పాకెట్ పారడైజ్’ పేరుతో నింటెండో డీఎస్‌కు కూడా ఒక పిన్యాటా తోట వచ్చింది. తయారు చేసింది రేరే; ప్రచురించింది టీహెచ్‌క్యూ. రెండు తెరల్లో ఒకదాని మీద తోట, రెండోదాని మీద జంతువు వివరాలు కనిపిస్తాయి. పార, నీళ్ల డబ్బా అన్నీ పుల్లతో తెర మీద తాకి వాడాలి. చేతిలో ఇమిడే యంత్రం కోసం 2002లో మొదలైన ఆలోచన ఆరేళ్ల తరవాత అలాంటి యంత్రం మీదికే చేరింది. తోటపనికి ఆ పుల్ల ఎంతో అనువుగా కుదిరింది.

‘ట్రబుల్ ఇన్ పారడైజ్’కు విమర్శకుల ఆదరణ దక్కింది. పాత ఆటను పోలి ఉందన్నవారు సైతం ఇంత నిండైన తోటపని ఆట మరొకటి లేదని ఒప్పుకున్నారు. అమ్మకాల కథ మాత్రం మళ్లీ అదే. మొదటి ఆటకు జరిగినంత ప్రచారం కూడా దీనికి జరగలేదు. రెండు నెలల తరవాత రేర్ సంస్థదే అయిన ‘బాంజో-కజూయీ: నట్స్ అండ్ బోల్ట్స్’ రావలసి ఉండడంతో చూపులు అటు మళ్లాయి. ‘ట్రబుల్ ఇన్ పారడైజ్’ విండోస్‌కు రానే లేదు. ఇందులో లోపాలు లేవని కాదు. లాంగ్‌స్టన్ కోరికలు కొంతసేపటికి ఒకే మూసలో సాగుతాయి. ఎడారి, మంచుప్రాంతాలు బోను పెట్టే చోట్లుగానే మిగిలాయి తప్ప, నాటి పెంచే తోటలు కాలేదు. అవి రెండు పూర్తి తోటలై ఉంటే ఈ ఆట స్థానం ఇంకా ఎత్తున ఉండేది.

తరవాతి ఏడు 2009 జూన్‌లో జింగా సంస్థ ఫేస్‌బుక్ మీద ‘ఫార్మ్‌విల్’ పెట్టింది. ఏ యంత్రమూ కొనకుండా, ఇంట్లోనో ఆఫీసులోనో ఉన్న కంప్యూటర్ మీదే పొలం వేసే వీలు వచ్చేసరికి కోట్లమంది దాని చుట్టూ చేరారు. పొరుగువారి పొలానికి వెళ్లి సాయం చేయడం అందులో కూడా ముఖ్యమే. అయితే అక్కడ పంట గంటల లెక్కన గడియారం చూసి ఎదిగేది. పిన్యాటా తోటలో ఉన్న జాతుల గొలుసు, షరతుల అల్లిక అందులో లేవు. తోటపని ఆటను కోరేవారు లోకంలో ఎంతమంది ఉన్నారో ‘ఫార్మ్‌విల్’ బయటపెట్టింది. రేర్ తోట వారి దారిలో లేని అంగట్లో కూర్చుంది. 2016లో ఎరిక్ బరోన్ ఒక్కడే కూర్చుని తయారు చేసిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ విజయం కూడా అదే ఆకలికి సాక్ష్యం.

రేర్‌కు మూడో తోట వేసే అవకాశం రాలేదు. మైక్రోసాఫ్ట్ ఒంటి కదలికలను చదివే కినెక్ట్ కెమెరా తయారు చేయడంతో సంస్థ శక్తి అంతా అటు పోయింది. 2010లో ‘కినెక్ట్ స్పోర్ట్స్’ విడుదలై బాగా అమ్ముడైంది. దాని వెనక మరో రెండు భాగాలు వచ్చాయి. గ్రెగ్ మేల్స్ ఆ తరవాత ‘సీ ఆఫ్ థీవ్స్’ అనే ఓడదొంగల ఆట రూపకల్పనలో ముందు నిలిచాడు. అది 2018లో వచ్చింది. పలువురు ఒకే ఓడ మీద తలా ఒక పని పంచుకుని సాగే ఆట అది. గ్రాంట్ కర్క్‌హోప్ 2008లోనే రేర్ వదిలి వెళ్లి ఇతర సంస్థలకు సంగీతం కూర్చాడు.

రేర్ ముప్ఫై ఏళ్ల పండుగ సందర్భంగా 2015 ఆగస్టు 4న ఎక్స్‌బాక్స్ వన్ మీద ‘రేర్ రిప్లే’ విడుదలైంది. సంస్థ పాత ఆటలు ముప్ఫై అందులో ఒకచోట చేర్చారు. స్పెక్ట్రమ్ కాలపు ‘జెట్‌పాక్’ నుంచి మొదలయ్యే ఆ వరసలో ‘వివా పిన్యాటా’, ‘ట్రబుల్ ఇన్ పారడైజ్’ రెండూ ఉన్నాయి. ఎక్స్‌బాక్స్ 360 పాతబడిన తరవాత ఈ తోటను మొదటిసారి చూసినవారిలో చాలామంది ఆ సంపుటి ద్వారానే చూశారు.